788 చెరువుల లెక్క

ప్రతి సెప్టెంబర్ 15న మన దగ్గర జరిగేది మీకు తెలిసిందే. స్టేజీ మీద మైసూరు తలపాగా ఫోటో, దానికో బంతిపూల దండ, సివిల్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ పోస్టర్లు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో రెండు కథలు తిరుగుతాయి. రైల్లో కూర్చుని చప్పుడు తేడా విని ముందు పట్టా విరిగిందని కనిపెట్టిన కథ ఒకటి. ప్రభుత్వ కొవ్వొత్తి ఆర్పేసి సొంత కొవ్వొత్తి వెలిగించుకున్న కథ ఇంకోటి. ఈ రెండూ అందరం వినేశాం కాబట్టి ఇక్కడ చెప్పను. నేను చెప్పాలనుకున్నది ఆయన మన హైదరాబాద్‌కి వచ్చి చేసిన మొదటి పని గురించి. ఆ పని డ్యామ్ కట్టడం కాదు. లెక్క రాయడం.

నేను సీఎస్ఈ. స్కూలంతా ఇంగ్లీష్ మీడియం, తెలుగు సెకండ్ లాంగ్వేజ్. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది మా డీబీఎంఎస్ సబ్జెక్టు. సెమిస్టర్ ప్రాజెక్టుకి మా టీమ్ ఎంచుకున్న టాపిక్, ఊళ్ళో ఉన్న పైపులు, మ్యాన్‌హోళ్ళు, నాలాలు, వీధి దీపాలు అన్నిటికీ ఒక రిజిస్టర్. మున్సిపాలిటీ భాషలో ఆస్తుల రిజిస్టరు, ఇప్పటి భాషలో అసెట్ డేటా. ఒక పైపు ఎప్పుడు వేశారు, ఏ సైజు, ఎన్నిసార్లు రిపేర్ చేశారు, ఎప్పుడు తీసేయాలి అనే వివరాలు పుట్టుక నుంచి పోయేదాకా ఒకే చోట ఉండాలి. హైదరాబాద్‌లో ఇలాంటి లెక్క మొదట ఎవరు అడిగారని వెతుకుతూ పోతే 1909 దగ్గర ఆగాను.

ముందు ఆయన చిన్నతనం, త్వరగా చెప్పేస్తా. ఇంటిపేరులో ఉన్న మోక్షగుండం ఎక్కడో కాదు, ప్రకాశం జిల్లా వైపు బేస్తవారిపేట దగ్గరి ఊరు. వాళ్ళ పూర్వీకులు అక్కడి నుంచి మైసూరు రాజ్యానికి వెళ్ళిన తెలుగువాళ్ళు. ఆయన పుట్టింది 1861లో, చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దెనహళ్ళిలో. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు. కొడుకు చదువు పూర్తికాకముందే చనిపోయారు. బెంగళూరులో పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో 1881లో బీఏ ముగించారు. మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇస్తే పూణే వెళ్ళి సివిల్ ఇంజినీరింగ్ చేశారు. 1883 పరీక్షలో ఫస్ట్ ర్యాంక్. మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వ పీడబ్ల్యూడీలో అసిస్టెంట్ ఇంజినీర్. క్యాంపస్ ప్లేస్‌మెంట్ లాంటిదే అనుకోండి, కాకపోతే మొదటి పోస్టింగ్ నాసిక్ వైపు.

బొంబాయి ప్రెసిడెన్సీలో ఉన్నంతకాలం ఆయన చేసిన పనుల్లో ఎక్కువ భాగం నీళ్ళకి సంబంధించినవే. సింధ్‌లోని సుక్కూరుకి మంచినీళ్ళ పథకం, పూణే చుట్టుపక్కల కాలువలు, తర్వాత ఏడెన్ రేవుకి నీటి సరఫరా మీద రిపోర్టు. నాకు బాగా నచ్చింది ఖడక్‌వాస్లా. పూణేకి నీళ్ళిచ్చే ఆ చెరువు ఏటా వర్షాకాలంలో నిండి పొర్లిపోయేది, ఎండాకాలంలో చాలేది కాదు. మామూలుగా అయితే ఆనకట్ట ఎత్తు పెంచాలి. పాత కట్ట ఆ బరువు మోస్తుందా అన్నది ప్రశ్న. ఈయన కట్టని ముట్టుకోకుండా, నీళ్ళు పొర్లే చోట తలుపులు పెట్టారు. నీటి మట్టం ఒక హద్దు దాటితే ఆ తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. బరువుల తూకం మీద నడిచే ఏర్పాటు అది, మనిషి అక్కర్లేదు. 1903లో బిగించారు. చెరువులో దాదాపు ఎనిమిది అడుగుల నీళ్ళు అదనంగా ఆగాయి. పేటెంట్ కూడా ఆయన పేరు మీదే వచ్చింది.

ఇది చదివినప్పుడు నాకు అనిపించింది ఏంటంటే, ఆ ఎనిమిది అడుగులు ఎక్కడి నుంచి వచ్చాయి? అంతకుముందు ఏ వానకి నీళ్ళు ఎంత ఎత్తున పొర్లాయో ఎవరో గేజి దగ్గర నిలబడి రాసి పెట్టి ఉండాలి. ఆ రాత లేకపోతే ఎనిమిది వద్దు, ఆరు చాలు అనో, పది పెడదాం అనో ఊహించుకోవడమే. పది పెట్టుంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఆ కాలంలో భారతీయులకి చీఫ్ ఇంజినీర్ కుర్చీ దాదాపు అందని ద్రాక్ష. పాతికేళ్ళు కూడా నిండకుండానే ఆయన ఆ ఉద్యోగం నుంచి తప్పుకుని 1908లో విదేశాలు చూడ్డానికి వెళ్ళారు. యూరప్‌లో ఉండగానే నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు అందింది.

ఎందుకు పిలిచారో ఓల్డ్ సిటీలో పెద్దవాళ్ళని అడిగితే ఇప్పటికీ చెప్తారు. 1908 సెప్టెంబర్ 28. మూసీ ఊళ్ళోకి వచ్చిన రోజు. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. పాత పురానాపూల్ మాత్రం నిలబడింది. పందొమ్మిది వేల ఇళ్ళు కూలాయి. పోయిన ప్రాణాలు పదిహేను వేల దాకా ఉంటాయని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారు, ఆ చెట్టు ఉస్మానియా హాస్పిటల్ వెనక ఇంకా ఉంది. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. ఇంత నష్టం మళ్ళీ జరక్కుండా ఏం చేయాలో చెప్పమని, దాంతోపాటే ఊరికి డ్రైనేజీ పథకం వేయమని విశ్వేశ్వరయ్య గారికి అప్పగించారు. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాద్‌లో పని మొదలుపెట్టారు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. వరద తగ్గి అప్పటికి ఆరు నెలలు దాటింది. ఊరంతా అడిగే ప్రశ్న ఒక్కటే, నది ఎందుకు ఇంతలా పొంగింది? సులువైన జవాబు, వాన ఎక్కువ పడింది. నిజమే, శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు పడింది. కానీ ఆయన ఆ జవాబుతో సరిపెట్టుకోలేదు. దేశంలో మిగతా చోట్ల ఇంతకుముందు పడ్డ పెద్ద వానల రికార్డులు తెప్పించి పక్కన పెట్టుకున్నారు. ఇది వెయ్యేళ్ళకోసారి వచ్చే వింతా, లేక మళ్ళీ రాగలిగేదా అని తేల్చుకోవడానికి. మళ్ళీ రాగలదనే తేలింది. తర్వాత నది పైన ఉన్న నేలంతా సర్వే చేయించారు. హైదరాబాద్ దాకా మూసీలోకి నీళ్ళు దిగే నేల దాదాపు 860 చదరపు మైళ్ళు. ఆ నేల మీద ఉన్న చెరువులు 788. అంటే దాదాపు మైలుకో చెరువు. అందులో ఆ వరదకి తెగినవి 221.

నా దృష్టిలో మొత్తం కథకి ఈ రెండు సంఖ్యలే ప్రాణం. ఎందుకంటే చెరువులు మన దగ్గర విడివిడిగా ఉండవు, గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు అలుగు పారితే కింద చెరువుకి నీళ్ళు. మామూలు రోజుల్లో ఇది కాకతీయుల కాలం నుంచీ వచ్చిన తెలివి. కానీ పై చెరువు కట్ట తెగితే, తన వాటా వానతో అప్పటికే నిండి ఉన్న కింద చెరువు మీద ఆ నీళ్ళన్నీ ఒక్కసారి పడతాయి. అదీ తెగుతుంది. దాని కిందది కూడా. మా క్లాసులో గ్రాఫ్‌లు చెప్పేటప్పుడు ఒక నోడ్ పడిపోతే దాని మీద ఆధారపడ్డవన్నీ పడిపోవడం చూపిస్తారు కదా, అచ్చం అదే. వాన వేసిన నీళ్ళ మీద, తెగిన చెరువుల నీళ్ళు కలిసి నదిలోకి దిగాయి.

ఒక్కో చెరువునీ ఒక్కో ఊరు చూసుకునేది. కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో ఆ ఊరి నీరటికాడికి తెలుసు. అలుగు ఎప్పుడు పూడిపోయిందో రైతులకి తెలుసు. కానీ రాజధానిలో కూర్చున్నవాడికి కావాల్సింది వేరే. ఏ చెరువు దేనికి పైన ఉంది, ఏది తెగితే ఏది తెగుతుంది, అన్నీ తెగితే అఫ్జల్‌గంజ్‌లో నీళ్ళు ఎన్ని అడుగులు వస్తాయి. తెలిసిన విషయం ఏడొందల ఎనభై ఎనిమిది ఊళ్ళ నోళ్ళలో విడిపోయి ఉంటే దాన్ని డేటా అనలేం. ఆయన చేసిన పని ఆ ఊళ్ళ వివరాన్ని ఒక చోటికి తెచ్చి నదికి ముడిపెట్టడం. కంప్యూటర్ లేదు, క్యాలిక్యులేటర్ లేదు. గొలుసులు పట్టుకుని నడిచిన సర్వేయర్లు, లెవెల్ పుస్తకాలు, అంతే. ఏడాది తిరక్కుండానే రిపోర్టు తయారైంది. అదే నవంబర్‌లో ఆయన మైసూరు చీఫ్ ఇంజినీర్‌గా వెళ్ళిపోయారు కూడా.

రిపోర్టులో చెప్పినదాంట్లో మనందరికీ తెలిసిన భాగం, ఊరికి పైన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదని అక్కడే పట్టుకోవడం. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920కి పూర్తయింది, మనం గండిపేట అనేది దాన్నే. ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927కి. ఈ రెండూ విశ్వేశ్వరయ్య గారే కట్టారని చాలామంది రాస్తారు. అది సరిగ్గా లేదు. ఆలోచన, లెక్క ఆయనవి. హిమాయత్ సాగర్ కట్టించిన చీఫ్ ఇంజినీర్ మన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. నిజాం సాగర్ కూడా ఆయనదే. అందుకే తెలంగాణలో ఆయన పుట్టినరోజు జులై 11ని ఇంజినీర్స్ డేగా చేస్తున్నారు. మనం సెప్టెంబర్‌కి తెచ్చే బంతిపూల దండల్లో ఒకటి జులైలో కూడా తెస్తే బాగుంటుంది.

ఆ జలాశయాల్లో మొదట్నుంచీ ఒక చిక్కుంది. వరదని పట్టుకోవాలంటే చెరువు కొంత ఖాళీగా ఉండాలి. తాగునీళ్ళు కావాలంటే నిండుగా ఉండాలి. గండిపేట నీళ్ళు తాగి పెరిగిన ఊరు రెండోదే అడుగుతుంది, సహజం. ఈ రెండు కోరికల మధ్య తగవు తీర్చేది రోజువారీ నీటి మట్టం, పై నుంచి వచ్చే ఇన్‌ఫ్లో, ఎన్ని గేట్లు ఎన్ని అడుగులు ఎత్తారన్న లెక్క. ఉస్మాన్ సాగర్ నిండు మట్టం 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌ది 1763.5. వానాకాలంలో మీరు న్యూస్‌లో చూసే ఆ నంబర్లే. అవి తప్పు రాస్తే చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ ఒడ్డున ఉన్నవాళ్ళకి ఇల్లు ఖాళీ చేయడానికి టైమ్ దొరకదు. కట్టడం 1920లో పూర్తయింది కానీ దాని రికార్డు ఇవాళ పొద్దున కూడా రాయాలి, రేపు కూడా.

మైసూరు సంగతులు మీరు జీకే పుస్తకాల్లో చదివినవే. కావేరి మీద కృష్ణరాజ సాగర్ పని 1911లో మొదలైంది, ఆ ఆటోమేటిక్ తలుపులు అక్కడా వాడారు. 1912 నుంచి దివాన్. బ్యాంకు, యూనివర్సిటీ, భద్రావతి ఇనుము, సబ్బుల ఫ్యాక్టరీ. 1918లో దివాన్ పదవి వదిలేశారు. వెనకబడిన కులాలకి ప్రభుత్వ ఉద్యోగాల్లో వాటా ఇవ్వాలని మిల్లర్ కమిటీ సాగిన దారి ఆయనకి నచ్చలేదు. మెరిట్ తగ్గుతుందన్నది ఆయన వాదన. నేను ఆయనతో ఏకీభవించను. ట్యూషన్లు చెప్పి చదివిన మనిషికి, ఆ ట్యూషన్ల దాకా కూడా రాలేనివాళ్ళు కనబడలేదంటే నాకు ఆశ్చర్యమే. పూలదండ వేసే రోజున దీన్ని కూడా చెప్పుకోవాలనిపించి రాశాను.

తిరిగి హైదరాబాద్. 1909 రిపోర్టులో రెండో సగం డ్రైనేజీ. దానికి జలాశయాలంత అదృష్టం పట్టలేదు. జలాశయం కనబడుతుంది, రాజుగారి పేరు పెట్టొచ్చు. మురుగు కాలువకి ఎవరి పేరు పెడతారు? 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది, రోడ్లు, కొత్త ఇళ్ళు, నది ఒడ్డున తోటలు వచ్చాయి. భూమి కింద వేయాల్సినవి ఆగుతూ సాగుతూ నడిచాయి. 1922లో ఆయన్ని మళ్ళీ పిలిపించారు. పదమూడేళ్ళ తర్వాత అదే ఊరు, అదే పథకం, వయసు అరవై దాటింది. మెయిన్ లైన్లు వేస్తే సరిపోదు, ప్రతి ఇంటినీ దానికి కలపాలి. ఒక్కో కలయికా ఒక్కో రికార్డు.

ఈ మధ్యకాలంలోనే జరిగిన ఇంకో పని గురించి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి దండగ. 1912 నుంచి 1915 మధ్య లెనార్డ్ మన్ అనే అధికారి ఆధ్వర్యంలో హైదరాబాద్‌కి, చాదర్‌ఘాట్‌కి మున్సిపల్ సర్వే జరిగింది. అంగుళానికి యాభై అడుగుల స్కేలు. అంటే మన హాస్టల్ గది కూడా కాగితం మీద కనబడేంత. ఇళ్ళు, గోడలు, బావులు, సందులు షీట్ల కొద్దీ గీశారు. వరద వచ్చిన ఊరు, తన ఒంటి మీద ఏమేం ఉన్నాయో మొదటిసారి తడిమి చూసుకున్నట్టు ఉంటుంది ఆ మ్యాపులు చూస్తే. వాటిని స్కాన్ చేసి ఇప్పటి శాటిలైట్ మ్యాపు మీద పరిచినవాళ్ళు ఉన్నారు. దొరికితే ఒక సాయంత్రం కేటాయించి చూడండి.

ఆ షీట్లలో మా మూసాపేట లేదు. అప్పటికి ఇది ఊరి బయట ఉన్న పల్లె. సర్వే గొలుసు ఇంతదూరం రాలేదు. తర్వాత కూకట్‌పల్లి మున్సిపాలిటీలో ఉంది, 2007లో జీహెచ్ఎంసీ ఏర్పడినప్పుడు నగరంలో కలిసింది. ఇప్పుడు మాకు మెట్రో స్టేషన్ ఉంది, కైతలాపూర్ వంతెన ఎక్కితే హైటెక్ సిటీ పది నిమిషాలు, ట్రాఫిక్ లేకపోతే. కానీ ఒక ఊరు పల్లెగా ఉన్నప్పుడు వేసిన పైపులు, మున్సిపాలిటీగా ఉన్నప్పుడు వేసినవి, అపార్ట్‌మెంట్ బిల్డర్లు వేసుకున్నవి, నగరంలో కలిశాక వేసినవి అన్నీ ఒకే రోడ్డు కింద పొరలు పొరలుగా ఉన్నాయి.

మెట్రో పిల్లర్లని చూడండి. ప్రతిదానికీ ఒక నంబరు రాసి ఉంటుంది. మాకు ఇప్పుడు అడ్రస్ అంటే అదే. బిర్యానీ తెచ్చే అన్నకి, క్యాబ్ డ్రైవర్‌కి, పెళ్ళికొచ్చే చుట్టాలకి పిల్లర్ నంబరే చెప్తాం. మా డీబీఎంఎస్ భాషలో అది ప్రైమరీ కీ. నంబర్ ఉన్న వస్తువుకి చరిత్ర ఉంటుంది. ఎప్పుడు పగుళ్ళు చూశారు, ఎప్పుడు రంగు వేశారు అని దాని పేరు మీద రాయొచ్చు. అదే పిల్లర్ పక్కన రోడ్డు మధ్యలో ఉన్న మ్యాన్‌హోల్‌కి నంబర్ కనబడదు. కింద పైపు సంగతి చెప్పక్కర్లేదు.

మా సందులో రెండేళ్ళ కింద ఒక కేబుల్ కోసం రోడ్డు తవ్వారు. ఎవరు తవ్వారన్నది వదిలేద్దాం. మూడడుగుల లోతులో ఒక పాత నీళ్ళ పైపు పగిలింది. అక్కడ పైపు ఉందని తవ్వినవాళ్ళ కాగితంలో లేదు. నీళ్ళు ఆపడానికి వాల్వ్ ఎక్కడుందో కూడా కాగితంలో లేదు. చివరికి రిటైరైన లైన్‌మన్ అంకుల్‌కి ఫోన్ చేశారు. ఆయన లుంగీ మీదే వచ్చి, ఒక ఇంటి ర్యాంపు కింద చెయ్యి చూపించారు. ర్యాంపు పగలగొడితే వాల్వ్ అక్కడే ఉంది. అందరూ ఆయన జ్ఞాపకశక్తిని తెగ మెచ్చుకున్నారు. నాకు మాత్రం 788 ఊళ్ళ నీరటికాళ్ళు గుర్తొచ్చారు.

డేటా అసలు పుట్టలేదని కాదు. సివిల్ ఫ్రెండ్‌ని అడిగితే చెప్పాడు, పైపు వేసిన రోజున దాని పొడవు, లోతు, సైజు అన్నీ ఇంజినీర్ ఎం-బుక్‌లో రాస్తారు. రాయకపోతే కాంట్రాక్టర్‌కి బిల్లు రాదు. ఎంత కచ్చితంగా రాస్తారంటే సెంటీమీటర్లతో సహా. బిల్లు పాసయ్యాక ఆ పుస్తకం బీరువాలోకి వెళ్తుంది. అంటే పైపు కోసం రాసిన డేటా కాదది, డబ్బు కోసం రాసింది. డబ్బు అందాక దాని పని అయిపోయింది, పైపుకి మాత్రం ఇంకా యాభై ఏళ్ళ బతుకు ఉంది. మున్సిపాలిటీ మనకి బర్త్ సర్టిఫికెట్ ఇస్తుంది, డెత్ సర్టిఫికెట్ ఇస్తుంది. అదే మున్సిపాలిటీ వేసిన పైపుకి రెండూ ఉండాలి కదా? మా ప్రాజెక్టులో నేను పట్టుబట్టి పెట్టించిన కాలమ్ అదే, తీసేసిన తేదీ. పాత పైపుని వాడటం ఆపేసి భూమిలోనే వదిలేస్తే, ఆ సంగతి రాయకపోతే, ఇరవై ఏళ్ళ తర్వాత తవ్వినవాడికి అది బతికుందో చచ్చిందో తెలియదు.

నాలాల దగ్గర ఈ లెక్క ప్రాణాల మీదికి వస్తుంది. మా వైపు నీళ్ళు కూకట్‌పల్లి నాలాలో పడి, ఫతేనగర్ మీదుగా హుస్సేన్ సాగర్‌లోకి, అక్కడి నుంచి మూసీలోకి వెళ్తాయి. అంటే మేం కూడా గొలుసులో ఒక ముడే. 2020 అక్టోబర్ వానలు గుర్తున్నాయా? శంషాబాద్ దారిలో గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి హైవే మీదికి నీళ్ళొచ్చాయి, మనుషులు కొట్టుకుపోయారు. కొద్ది రోజులకే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి కింద బస్తీలు మునిగాయి. 1908లో 12.8 అంగుళాలు రాసింది కూడా ఆ శంషాబాద్‌లోనే. మధ్యలో 112 ఏళ్ళు. ఇప్పుడు హెచ్ఎండీఏ దగ్గర మూడు వేలకు పైగా చెరువుల జాబితా ఉంది, ఒక్కోదానికీ ఐడీ ఉంది. ఎఫ్‌టీఎల్ గీతలు గీసే పని ఏళ్ళ తరబడి సాగుతోంది. గీత ఎక్కడ గీయాలన్న దానిమీదే కోర్టు కేసులు, కూల్చివేతలు, ఇల్లు కొనుక్కున్నవాళ్ళ ఏడుపులు. గీత ముందు గీసి ఉంటే ఆ ఇంటికి పర్మిషన్ వచ్చేది కాదు, కొనేవాళ్ళు మోసపోయేవాళ్ళూ కాదు. లేటుగా వచ్చిన డేటా ఖరీదు ఎప్పుడూ చివర్లో చేరినవాడి జేబులోంచే పోతుంది.

విశ్వేశ్వరయ్య గారు ఉంటే దీన్ని యాప్‌తో సరిచేసేవారని నేను అనను. ఆయన దగ్గర ఉన్నది గొలుసు, లెవెల్, పుస్తకం. మన దగ్గర జీఐఎస్ ఉంది, సెన్సార్లు ఉన్నాయి, శాటిలైట్ ఉంది. కొలవడం ఇప్పుడు చవక. కష్టమల్లా కొలిచినదాన్ని మర్నాడు మళ్ళీ మార్చడం. మా టీమ్‌లో నలుగురం కలిసి ఒక నెలలో టేబుల్స్ అన్నీ తయారుచేశాం, డెమోకి మార్కులు కూడా వచ్చాయి. ఆ తర్వాత మా సందులో రెండు కొత్త కనెక్షన్లు ఇచ్చారు. మా డేటాబేస్‌లో అవి లేవు, ఎక్కించే ఉద్యోగం ఎవరిదీ కాదు గనక. ఆయన కాలంలో గేజి దగ్గర రోజూ మట్టం రాసేవాడికి జీతం ఉండేది. జీతం ఉంది కాబట్టి రాత ఉంది. అసెట్ డేటా గురించి ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ చూపించినా నేను మొదట అడిగేది ఇప్పుడు ఇదే, రోజూ రాసేది ఎవరు, వాళ్ళకి నెలకెంత?

ఆయన చివరిదాకా పని మానలేదు. 1934లో దేశానికి ప్రణాళికతో కూడిన ఆర్థిక వ్యవస్థ కావాలని పుస్తకం రాశారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో చనిపోయారు, అప్పటికి నూరేళ్ళు దాటాయి. సమాధి పుట్టిన ఊరు ముద్దెనహళ్ళిలోనే ఉంది.

తన ఉద్యోగ జీవితం గురించిన పుస్తకం 1951లో వేశారు, అప్పటికి వయసు తొంభైకి దగ్గర. ఇంగ్లీషులో ఉంటుంది, చాలా పొడి పుస్తకం. ఇంటి సంగతులు దాదాపు ఉండవు, ఎవరి మీదా కోపం ఉండదు, కొన్నిచోట్ల చదవడం కష్టమే. హైదరాబాద్ అధ్యాయం తీస్తే శంషాబాద్‌లో పడిన వాన అంగుళాల్లో, నీళ్ళు దిగే నేల చదరపు మైళ్ళలో, ఆ నేల మీద ఉన్న చెరువులు ఎన్ని, వాటిలో తెగినవి ఎన్ని అన్నది విడివిడిగా, నలభై రెండేళ్ళ తర్వాత కూడా అలాగే రాసి ఉన్నాయి.